అరవయ్యో ఏట ‘శక్తి’ మొదటి రికార్డు

మన తెలుగు సంవత్సరాలకి పేర్లుంటాయి. మొత్తం అరవై పేర్లు. ప్రభవతో మొదలై అక్షయతో పూర్తవుతాయి. తర్వాత మళ్ళీ ప్రభవ. అందుకే అరవై నిండినవాళ్ళకి షష్టిపూర్తి చేస్తారు. పుట్టిన సంవత్సరం అదే పేరుతో తిరిగి వచ్చిందని దాని అర్థం.

1965 ఉగాదికి విశ్వావసు వచ్చింది. 2025 ఉగాదికి మళ్ళీ విశ్వావసు వచ్చింది. నేను పుట్టింది ఆ విశ్వావసులో కాబట్టి ఈసారి షష్టిపూర్తి వంతు నాది. విశ్వావసు ఒక గంధర్వుడి పేరు. గంధర్వులంటే దేవలోకంలో పాడేవాళ్ళు, వాయించేవాళ్ళు. ఇది తెలిశాక పుట్టినరోజుకి పాటకంటే మంచి కానుక లేదనిపించింది. హోమం, భోజనాలు పిల్లలు చూసుకున్నారు. నాకోసం నేను ఒక పాత రికార్డు పెట్టుకుని వారం రోజులు విన్నాను. ‘శక్తి’ అనే బృందం మొదటి ఆల్బమ్ అది. దానికీ ఇది పండగ ఏడాదే. 1975 జూలై 5న అమెరికాలో, న్యూయార్క్ దగ్గరి లాంగ్ ఐలండ్‌లో, సౌత్ హాంప్టన్ కాలేజీలో జరిగిన కచేరీని రికార్డు చేశారు. 1976లో కొలంబియా కంపెనీ విడుదల చేసింది.

ఆ రోజు వేదిక మీద అయిదుగురు. గిటారు జాన్ మెక్‌లాఫ్లిన్‌ది. ఆయన ఇంగ్లండువాడు, 1942లో పుట్టాడు. వయొలిన్ ఎల్. శంకర్, తబలా జాకీర్ హుస్సేన్, ఘటం విక్కు వినాయకరామ్, మృదంగం రామనాడ్ రాఘవన్. జాకీర్‌కి అప్పుడు ఇరవై నాలుగేళ్ళు, శంకర్‌కి ఇరవై అయిదు. మెక్‌లాఫ్లిన్‌కి ముప్ఫై మూడు.

మెక్‌లాఫ్లిన్ అప్పటికే పెద్ద పేరున్నవాడు. మైల్స్ డేవిస్‌తో ‘బిచెస్ బ్రూ’ రికార్డులో వాయించాడు. 1971లో మహావిష్ణు ఆర్కెస్ట్రా పెట్టాడు. దాని సంగీతం చెవులు గింగురుమనేలా ఉండేది. కరెంటు గిటారు, పెద్ద పెద్ద డ్రమ్ములు, వేలమంది జనం. అలాంటివాడు అదంతా పక్కన పెట్టి, చెక్క గిటారు పట్టుకుని, ఒక కుండ పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఆయన అభిమానులు చాలామందికి ఇది అర్థం కాలేదు.

కానీ ఆయన ఊరికే వచ్చి కూర్చోలేదు. అమెరికాలోని వెస్లియన్ విశ్వవిద్యాలయంలో ఎస్. రామనాథన్ గారి దగ్గర వీణ నేర్చుకున్నాడు. అప్పటికి లోకమంతా ఆయన్ని గొప్ప గిటారిస్టు అంటోంది. అయినా సరిగమల దగ్గర నుంచి మొదలుపెట్టాడు. ముప్ఫై ఏళ్ళ మనిషి అక్షరాభ్యాసం చేసుకున్నట్టు! ఈ బ్లాగు చదివే మీకు, అంటే పెద్దయ్యాక అ ఆలు దిద్దినవాళ్ళకి, అందులో ఎంత ఓపిక ఉందో నేను చెప్పక్కర్లేదు.

వీణ నేర్చుకున్నంత మాత్రాన గిటారు వీణలా పలకదు. గిటారుకి మెట్లు ఉంటాయి. మన మెట్లెక్కే ‘మెట్టు’ మాటే ఇది. తీగ కింద అడ్డంగా ఉండే సన్నటి లోహపు కడ్డీని కూడా మెట్టు అంటారు. వీణకీ మెట్లున్నాయి, కానీ అవి ఎత్తుగా ఉంటాయి కాబట్టి తీగని పక్కకి బాగా లాగవచ్చు. అలా లాగితే స్వరం ఊగుతుంది. ఆ ఊపునే గమకం అంటారు. గమకం లేని కర్ణాటక సంగీతం పోపు వెయ్యని పప్పులాంటిది. శక్తి కోసం మెక్‌లాఫ్లిన్‌కి ఏబ్రహాం వెక్స్టర్ అనే పనివాడు ప్రత్యేకంగా ఒక గిటారు చేసి ఇచ్చాడు. అందులో మెట్టుకీ మెట్టుకీ మధ్య చెక్కని పల్లంగా చెక్కారు, వేలికి చోటు దొరికింది. తంబురాలా మోగడానికి అడ్డంగా ఇంకో వరస తీగలు కట్టారు. అంటే ఆయన వేళ్ళే కాదు, వాద్యం కూడా కొత్త భాష నేర్చుకుంది.

ఈ ఆల్బమ్‌లో మూడే అంశాలు. మొదటిది ‘జాయ్’, పద్దెనిమిది నిమిషాలు. ఘుబ్రాలో మా ఇంటి నుంచి దార్సైత్ కృష్ణుడి గుడికి, సుల్తాన్ ఖాబూస్ రోడ్డు ఖాళీగా ఉంటే, దాదాపు అంతే సమయం. కాలేజీ రోజుల్లో నాకు అందులో వేగం ఒక్కటే వినిపించేది. ఎవరు ఎవరికంటే త్వరగా వాయిస్తున్నారో చూసేవాణ్ణి. ఇప్పుడు ప్రశ్నలు, జవాబులు వినిపిస్తున్నాయి. శంకర్ ఒక మాట అంటాడు. మెక్‌లాఫ్లిన్ దాన్నే తన యాసలో తిరిగి అంటాడు. శంకర్ కాస్త కష్టమైనది ఇస్తాడు. ఇతను దాన్నీ పట్టుకుంటాడు. వెనక తబలా హిందుస్తానీ, ఘటం కర్ణాటకం. ఆ ఇద్దరికీ కూడా ఒకరి పద్ధతి ఇంకొకరికి కొత్తే. అయిదుగురూ జనం ముందే ఒకరి భాష ఒకరు నేర్చుకుంటున్నారు.

రెండోది ‘లోటస్ ఫీట్’, అంటే పాదపద్మాలు. అయిదు నిమిషాలు కూడా ఉండదు. అందులో పరుగు లేదు. ఒక చిన్న వరస నిదానంగా తిరుగుతుంది, అంతే. గుడిలో సేవ చేసేవాళ్ళకి ఆ పేరు గురించి వేరే చెప్పాలా? హారతి అయిపోయి, జనం వెళ్ళిపోయి, ప్రసాదం గిన్నెలు కడిగేవేళ ఉండే నిశ్శబ్దం అందులో ఉంది. మూడోది దాదాపు అరగంట. గ్రామఫోను రికార్డుకి రెండో వైపు మొత్తం అదే.

ఇందులో తెలుగు ఎక్కడుందని అడుగుతారు. ఆల్బమ్‌లో ఒక్క తెలుగు మాట లేదు, నిజమే. కానీ శంకర్, వినాయకరామ్, రాఘవన్ ముగ్గురూ కర్ణాటక సంగీతంలో పెరిగినవాళ్ళు. ఆ సంగీతంలో పెరగడమంటే త్యాగరాజు కీర్తనలతో పెరగడం. అవి తెలుగు. త్యాగరాజు 1767లో తిరువారూరులో పుట్టారు, తిరువయ్యారులో జీవించారు, 1847లో అక్కడే కాలం చేశారు. రెండూ తమిళ ఊళ్ళు. కాకర్లవారి తెలుగు కుటుంబం అక్కడ స్థిరపడింది. వీధిలో తమిళం, ఇంట్లో తెలుగు. ఈ ఏర్పాటు మనకి తెలియనిదా? ఘుబ్రాలో, ఎడిసన్‌లో, మెల్‌బోర్న్‌లో మన ఇళ్ళన్నీ అలాంటివే. ఇంటి భాషలో ఆయన కట్టిన పాటలు తెలుగు రానివాళ్ళ నోటినుంచి కూడా ఇప్పటిదాకా వస్తూనే ఉన్నాయి.

ఇక్కడే పాలకొల్లు వస్తుంది. మొదటి శక్తి 1978 ప్రాంతంలో ఆగిపోయింది. సరిగ్గా ఆ 1978లోనే, కృష్ణా జిల్లా గుడివాడలో త్యాగరాజ ఆరాధనలో, తొమ్మిదేళ్ళ పిల్లవాడు మొదటి కచేరీ చేశాడు. పేరు ఉప్పలపు శ్రీనివాస్. 1969 ఫిబ్రవరి 28న పాలకొల్లులో పుట్టాడు. తండ్రి సత్యనారాయణ క్లారినెట్ వాయించేవారు. ఇంట్లో ఉన్న మాండొలిన్‌ని పిల్లవాడు ఆరేళ్ళకే పట్టుకున్నాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారు, చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. సుబ్బరాజు గారికి మాండొలిన్ రాదు. కాబట్టి ఆయన పాడేవారు, పిల్లవాడు విని వాయించేవాడు. పాఠమంతా నోటి నుంచి చెవికి, చెవి నుంచి వేలికి. మామూలు మాండొలిన్‌కి జంట తీగలుంటాయి. గమకం పలకడానికి శ్రీనివాస్ కరెంటు మాండొలిన్ తీసుకుని, అయిదు ఒంటి తీగలు పెట్టుకున్నాడు. మెక్‌లాఫ్లిన్ గిటారుకి చేయించినట్టే!

ఒమాన్‌లో ఉండే మనకి ఇందులో ఇంకో ముచ్చట ఉంది. ఇక్కడి ఊద్‌కి మెట్లే లేవు, వేలు ఎక్కడికైనా జారుతుంది. అరబ్బుల ‘అల్ ఊద్’ అన్న పేరే యూరప్‌లో ‘ల్యూట్’ అయింది. ఆ ల్యూట్ కుటుంబంలోదే ఇటలీ మాండొలిన్. అది చివరికి గోదావరి జిల్లాకి చేరి త్యాగరాజు కీర్తన వాయించింది.

1997లో మెక్‌లాఫ్లిన్, జాకీర్ కలిసి ‘రిమెంబర్ శక్తి’ పేరుతో బృందాన్ని మళ్ళీ మొదలుపెట్టారు. తర్వాత శ్రీనివాస్ అందులో చేరాడు. వినాయకరామ్ కొడుకు సెల్వగణేశ్ కూడా వచ్చాడు. 2000లో వచ్చిన ‘ద బిలీవర్’ రికార్డులో ‘లోటస్ ఫీట్’ మళ్ళీ ఉంది. ఈసారి దాన్ని మాండొలిన్ పలికింది. నా పుట్టినరోజు వారంలో రెండింటినీ ఒకదాని తర్వాత ఒకటి విన్నాను. మొదటిదాంట్లో మెక్‌లాఫ్లిన్ జాగ్రత్తగా అడుగులు వేస్తాడు. రెండోదాంట్లో తన ఇంట్లో నడిచినట్టు నడుస్తాడు. ఈ రెండు నడకల మధ్య పాతికేళ్ళు ఉన్నాయి.

శ్రీనివాస్ 2014 సెప్టెంబరు 19న చెన్నైలో వెళ్ళిపోయాడు. నలభై అయిదేళ్ళే. జాకీర్ హుస్సేన్ 2024 డిసెంబరులో వెళ్ళిపోయారు. ఆ ఏడాది ఫిబ్రవరిలోనే శక్తి ‘దిస్ మొమెంట్’ ఆల్బమ్‌కి గ్రామీ వచ్చింది. నాకంటే నాలుగేళ్ళు చిన్నవాడైన శ్రీనివాస్ షష్టిపూర్తి చూడలేదు. కాబట్టి అరవై రావడం గురించి నేను విసుక్కోను.

మా బడి ఇంగ్లీషు మీడియం. తెలుగు మాకు వంటింటి భాష, అమ్మ పిలిస్తే పలికే భాష. చదవడం, రాయడం నేను ఇక్కడికి వచ్చాక సొంతంగా నేర్చుకున్నాను. చిన్నప్పటి నుంచి రానిది ఇప్పుడేం వస్తుందని గుడిలో చాలామంది తల్లిదండ్రులు, పెద్ద పిల్లలు అంటూ ఉంటారు. వాళ్ళకి నేను ఈ రికార్డు ఇస్తాను. వీధి భాష వేరైనా పాట ఇంటి భాషలో కట్టవచ్చు. ముప్ఫై దాటాక కూడా సరిగమలు మొదలుపెట్టవచ్చు. మాండొలిన్ రాని గురువు కూడా మాండొలిన్ నేర్పవచ్చు, ఆయన పాడితే చాలు. మీ అమ్మమ్మకి వ్యాకరణం రాకపోయినా పరవాలేదు. ఆవిడ మాట్లాడుతుంటే మీరు విని, తిరిగి అనండి.

ఈ వారం పని:
‘జాయ్’లో మొదటి అయిదు నిమిషాలు వినండి. గిటారు, వయొలిన్ ఎక్కడ ఒకదానికొకటి బదులు చెప్పుకుంటాయో గుర్తు పట్టండి. తర్వాత ఈ దరువులు చేత్తో తాళం వేస్తూ నోటితో అనండి. మూడుకి ‘తకిట’. నాలుగుకి ‘తకధిమి’. అయిదుకి ‘తదిగిణతోం’. దీన్ని కొన్నక్కోల్ అంటారు. మెక్‌లాఫ్లిన్ కూడా ఇది నేర్చుకున్నాడు.

ఈ వారం మాటలు:
షష్టిపూర్తి – అరవై ఏళ్ళు నిండడం, అప్పుడు చేసే వేడుక.
మెట్టు – ఎక్కడానికి వేసే అడుగు చోటు. వీణ, గిటారుల మీద తీగ కింది అడ్డకడ్డీ.
గమకం – స్వరానికి ఇచ్చే ఊపు.
యాస – ఒక ప్రాంతంవాళ్ళు మాట పలికే తీరు.
వంతు – ఒకరి తర్వాత ఒకరికి వచ్చే అవకాశం. ‘ఇప్పుడు మీ వంతు.’