పర్థం ఉన్న పద్యాలు

ఏదైనా మాట నచ్చకపోతే "అర్థం పర్థం లేదు" అని కొట్టిపారేస్తాం. అర్థం అంటే ఏమిటో అందరికీ తెలుసు. పర్థం అంటే ఏమిటని మాత్రం ఎవరూ అడగరు. అది అర్థం వెనకాలే వచ్చి, దానితో ప్రాస కలిపి, నోటికి ఒక ఊపు ఇచ్చి వెళ్ళిపోతుంది. అర్థం లేని మాటను తప్పుపట్టడానికి కూడా మనకు అర్థం లేని మాట ఒకటి కావలసి వచ్చింది. పిల్లల్నీ పెద్దల్నీ నవ్వించే అసంబద్ధ కవిత్వం చరిత్రంతా ఈ పర్థం చరిత్రే. ఆ పద్యాల్లో అర్థం చిక్కదు కానీ నడక తప్పదు, ప్రాస తప్పదు, వ్యాకరణం తప్పదు. ఆ మూడూ తప్పితే మిగిలేది వట్టి గందరగోళం.

మన పండితులకు అసంబద్ధత తెలియనిది కాదు. దోమ గొంతులోకి ఏనుగుల మంద దూరిందన్న సమస్యను తెనాలి రామకృష్ణుడికి ఇచ్చిన కథ ఇంటింటా తెలిసిందే. విరాటుడి కొలువులో తలదాచుకున్న పాండవుల అవస్థతో ముడిపెట్టి ఆయన దాన్ని పూరించాడంటారు. అవధానాల్లో సమస్యాపూరణం ఇప్పటికీ ఆ దారినే నడుస్తుంది. పృచ్ఛకుడు పొసగని మాట ఇస్తాడు, అవధాని దాన్ని పొసగేలా చేస్తాడు. అది గొప్ప విద్య. అయితే ఏనుగులు దోమ గొంతులో హాయిగానే ఉన్నాయి, అక్కడే ఉండనిద్దాం అనుకునే కవి వేరే జాతివాడు. ఆ జాతి కవులు 19వ శతాబ్దపు ఇంగ్లండులో బలం పుంజుకున్నారు.

అంతకుముందు అక్కడ ఇలాంటివి లేవని కాదు. తల్లులు పాడే లాలిపాటల్లో, పిల్లల ఆటపాటల్లో అర్థం లేని పలుకులు ఎన్నో ఉన్నాయి. 1755లో శామ్యూల్ ఫుట్ అనే నటుడు, ఏ మాటైనా ఒక్కసారి వింటే అప్పజెబుతానన్న చార్లెస్ మాక్లిన్‌ను పరీక్షించడానికి ఒకదానికొకటి పొంతన లేని వాక్యాల వరస అల్లాడని చెబుతారు. పొంతన లేకపోతే జ్ఞాపకం ఎంత తడబడుతుందో ఫుట్‌కు బాగా తెలుసు. కానీ పిల్లల కోసం అచ్చయ్యే పుస్తకాల సంగతి వేరు. 1715లో ఐజాక్ వాట్స్ పిల్లల కోసం రాసిన భక్తి గీతాలను తరాల తరబడి కంఠస్థం చేయించారు. తేనెటీగ పేరు చెప్పి కష్టపడమనీ, సోమరిని చూపి భయపడమనీ నేర్పే పద్యాలు అవి. పద్యం అంటే బుద్ధి చెప్పేదే అనుకున్న ఇళ్ళలోకి ఎడ్వర్డ్ లియర్ వచ్చాడు.

లియర్ 1812లో లండన్ శివారులో పుట్టాడు. 21 మంది సంతానంలో 20వ వాడు. తల్లి దగ్గర కాక, తనకంటే 21 ఏళ్ళు పెద్దదైన అక్క దగ్గర పెరిగాడు. చిన్నప్పటి నుంచీ మూర్ఛరోగం. అది బయటపడకుండా దాచుకోవడంతోనే జీవితమంతా గడిచింది. ఇరవై ఏళ్ళు రాకముందే చిలుకల బొమ్మలు గీసి అచ్చు వేయించి పేరు తెచ్చుకున్నాడు. ఆ బొమ్మలు చూసి, తర్వాత డెర్బీ ప్రభువు అయిన ఎడ్వర్డ్ స్టాన్లీ, లివర్‌పూల్ దగ్గరి నోస్లీలో తను పెంచుకుంటున్న జంతువులనూ పక్షులనూ గీయడానికి ఆయనను పిలిపించాడు. పగలంతా ఈక ఈకనూ లెక్కపెట్టి గీసే పని. ఆ తర్వాత ఆ ఇంటి పిల్లల కోసం వింత మనుషుల బొమ్మలు, వాటి కింద అయిదు పాదాల పద్యాలు. అవి 1846లో మారుపేరుతో పుస్తకంగా వచ్చాయి. అదే ఏడాది ఆయన విక్టోరియా రాణికి బొమ్మలు గీయడం నేర్పాడు. 1861లో వచ్చిన ముద్రణతోనే ఆయన అసలు పేరు అట్ట మీదికెక్కింది.

ఈ అయిదు పాదాల పద్యాన్ని ఇప్పుడు లిమరిక్ అంటున్నాం. ఐర్లండులోని ఆ ఊరి పేరు పద్యానికి తగులుకున్నది 19వ శతాబ్దం చివర్లో. లియర్ దాన్ని ఎన్నడూ అలా పిలవలేదు. ప్రక్రియ కూడా ఆయన పుట్టించింది కాదు, 1820 ప్రాంతంలోనే అలాంటి పద్యాలతో పిల్లల పుస్తకాలు వచ్చాయి. ఆయన చేర్చినది మనిషిని. ఆ పద్యాల్లో ఒక విడ్డూరపు మనిషి ఉంటాడు: ముక్కు మరీ పొడుగో, గడ్డంలో పక్షులు గూడు కట్టుకున్నవాడో. చుట్టూ "వాళ్ళు" ఉంటారు. ఇరుగుపొరుగు వాళ్ళు, ఏం చేసినా ఎందుకు అని అడిగేవాళ్ళు, కొన్నిసార్లు కొట్టేవాళ్ళు. ఈ "వాళ్ళ"ను రచయిత ఆల్డస్ హక్స్‌లీ వేలు పెట్టి చూపించాడు. తన జబ్బును లోకం నుంచి దాచుకుంటూ ఊళ్ళు పట్టి తిరిగిన లియర్‌కు ఆ "వాళ్ళు" ఎవరో బాగా తెలుసు. నవ్వించే పద్యం అడుగున ఇంత దిగులు ఉండటం వల్లే పెద్దవాళ్ళు కూడా వాటిని వదలలేదు.

లియర్ భారతదేశం కూడా వచ్చాడు. అప్పటి వైస్రాయ్ నార్త్‌బ్రూక్ ప్రభువు పిలుపు మీద 1873 చివర్లో బొంబాయిలో దిగి, ఏడాదికి పైగా తిరుగుతూ బొమ్మలు గీశాడు. 1874లో బొంబాయి పత్రిక టైమ్స్ ఆఫ్ ఇండియాలో ఆయన పద్యం "ది కమర్‌బండ్" అచ్చయింది. దొరల బంగళాల్లో రోజూ చెవిన పడే మాటలే అందులో ఉంటాయి, కానీ ఒక్కటీ తన పనిలో ఉండదు. ధోబీ కూర్చునే ఆసనం అవుతాడు. పంఖాలు దారిన పోయేవాళ్ళవుతాయి. నడుముకు చుట్టుకునే కమర్‌బండ్ మనిషిని మింగే భూతం అవుతుంది. హిందీ రాని ఇంగ్లీషు పాఠకుడికి అందులో వింత శబ్దాలు వినిపిస్తాయి. మనకు అవే శబ్దాలు అచ్చమైన అర్థంతో వినిపించి, ధోబీ మీద కూర్చోవడం ఏమిటని నవ్వు వస్తుంది. ఒకే పద్యం రెండు రకాలుగా అసంబద్ధం కావడం ఇక్కడ తప్ప మరోచోట ఇంత స్పష్టంగా కనబడదు.

లూయీ కారల్ దారి వేరు. అసలు పేరు చార్లెస్ లట్విడ్జ్ డాడ్జ్‌సన్, ఆక్స్‌ఫర్డ్‌లో గణితం చెప్పేవాడు. 1865లో వచ్చిన ఆలిస్ కథలో వాట్స్ నీతి పద్యాలనే తీసుకుని, నడక చెడకుండా, మాటలు మార్చేశాడు. చురుకైన తేనెటీగ ఉండాల్సిన చోట బద్ధకపు మొసలి వచ్చి కూర్చుంది. 1871 చివర్లో వచ్చిన రెండో ఆలిస్ పుస్తకంలో "జాబర్‌వాకీ" ఉంది. దాని మొదటి చరణం 1855లోనే ఇంటిల్లిపాదీ చదువుకునే రాతపత్రికలో పుట్టింది. అందులో నామవాచకాలూ క్రియలూ చాలావరకు కల్పితాలు, వాటిని కలిపే చిన్న మాటలూ ప్రత్యయాలూ మాత్రం నికార్సైనవి. తెలుగులో ఈ కిటుకు తేలిగ్గా చూడొచ్చు. "జింబులం తన తొప్పిణిలోంచి రెండు గొబిటల్ని తబిలించింది" అంటే ఏమీ తెలియదు. అయినా ఆ జింబులం మగవాడు కాదనీ, దానికో తొప్పిణి ఉందనీ, గొబిటలు అంతకుముందు అందులోనే ఉన్నాయనీ, పని జరిగిపోయిందనీ తెలుస్తుంది. విభక్తులు ఎంత పని చేస్తాయో చెప్పడానికి ఇంతకంటే మంచి పాఠం లేదు. రెండు మాటలను ఒక సంచిలో కుక్కినట్టు కలపడం కూడా కారల్ వివరించిన పద్ధతే. ఆయన కల్పించిన మాటలు కొన్ని ఇంగ్లీషు నిఘంటువుల్లోకి ఎక్కేశాయి.

జర్మనీలో క్రిస్టియన్ మోర్గెన్‌స్టెర్న్ ఇంకా ముందుకు వెళ్ళాడు. 1905లో వచ్చిన ఆయన పుస్తకంలో చేప రాత్రిపూట పాడే పాట ఒకటి ఉంది. అందులో ఒక్క అక్షరం లేదు. పొడుగు గీతలూ ఒంపు గీతలూ మాత్రమే, అంటే గురు లఘువులు! గణవిభజన చేసి చేసి చేయి తిరిగిన తెలుగు విద్యార్థి ఆ పద్యాన్ని జర్మన్ రాకపోయినా చదివెయ్యగలడు.

అసలు పండగ మాత్రం కలకత్తాలో జరిగింది.

ఉపేంద్రకిశోర్ రాయ్‌చౌధురి చిత్రకారుడు, రచయిత, హాఫ్‌టోన్ బ్లాకుల తయారీలో ప్రయోగాలు చేసిన ముద్రాపకుడు. 1913లో పిల్లల కోసం "సందేశ్" పత్రిక పెట్టాడు. బెంగాలీలో సందేశ్ అంటే కబురు, పాలవిరుగుడు మిఠాయి కూడా. ఆయన కొడుకు సుకుమార్ రాయ్ 1887లో పుట్టాడు. ప్రెసిడెన్సీ కాలేజీలో భౌతిక, రసాయన శాస్త్రాలు చదివాడు. చదువు అయ్యీ కాగానే స్నేహితులతో నాన్సెన్స్ క్లబ్ పెట్టి, "ముప్పై రెండున్నర రకాల వేపుడు" అని అర్థం వచ్చే పేరుతో రాతపత్రిక నడిపాడు. 1911లో ఇంగ్లండు వెళ్ళి లండన్‌లో, మాంచెస్టర్‌లో ఫోటోగ్రఫీ, ముద్రణ విద్యలు నేర్చుకుని 1913లో తిరిగొచ్చాడు. రెండేళ్ళకే తండ్రి పోయాడు. ప్రెస్సు, పత్రిక ఆయన మీద పడ్డాయి.

"సందేశ్"లో 1915లో వచ్చిన "ఖిచుడీ" పద్యంతో సుకుమార్ అసంబద్ధ పద్యాల వరస మొదలైంది. బాతూ ముళ్ళపందీ కలిసి ఒకటైపోతాయి. కొంగా తాబేలూ ఒకటైపోతాయి. పద్యం వ్యాకరణాన్ని లెక్కచేయనని అంటుంది కానీ, జంతువులు అతుక్కున్న తీరు చూస్తే సంధికార్యం అంత శుభ్రంగా ఉంటుంది. మొదటి జంతువు పేరు ఏ శబ్దంతో ముగుస్తుందో, రెండోది ఆ శబ్దంతోనే మొదలవుతుంది. తెలుగులో బాతూ తుమ్మెదా కలిసి బాతుమ్మెద అయినట్టు, ఏనుగూ గుడ్లగూబా కలిసి ఏనుగుడ్లగూబ అయినట్టు. పక్కన సుకుమార్ గీసిన బొమ్మ చూస్తే ఆ జంతువు ఏ అడవిలోనో నిజంగా ఉండే ఉంటుందనిపిస్తుంది. లియర్‌లాగే ఈయనా తన బొమ్మలు తనే గీశాడు. పైగా ఆ గీత అచ్చులో ఎలా పడుతుందో ఈయనకు తెలిసినంతగా తెలిసిన కవులు అరుదు.

ఆయన లోకంలో ఒక ఆఫీసు పెద్దబాబు ఉన్నట్టుండి తన మీసం ఎవరో దొంగిలించారని కేకలు పెడతాడు, మీసం మూతి మీదే ఉంటుంది. ఒక దేశంలో కాలు జారి పడ్డవాణ్ణి భటుడు పట్టుకుపోతాడు, 21 రూపాయలు జరిమానా. అక్కడ పద్యాలు రాసేవాళ్ళను బోనులో పెడతారు. నవ్వడం నిషేధమైన ఒక ప్రాణి, ఎవరైనా ఎక్కడైనా నవ్వుతున్నారేమోనన్న భయంతో నిద్ర కూడా పోదు. తెల్లదొరల చట్టాల కింద, గుమాస్తాల కొలువుల మధ్య బతుకుతున్న కలకత్తాకు ఇవన్నీ ఎక్కడివో తెలుసు. అలాగని వీటిని రాజకీయ వ్యంగ్యంగా మాత్రమే చదివితే నష్టమే. మీసం కోసం ఏడ్చే బాబు ఏ ప్రభుత్వంలోనైనా ఏడుస్తాడు.

ఆయన వచన కథ "హ-య-వ-ర-ల" పేరు చూస్తే సంస్కృతం చదివినవాళ్ళకు ఒళ్ళు పులకరిస్తుంది. పాణిని మాహేశ్వర సూత్రాల్లో అక్షరాలు సరిగ్గా ఆ వరసలోనే వస్తాయి. అంత కట్టుదిట్టమైన వరస బెంగాలీ వాడుకలో గందరగోళానికి పేరైంది!

1921లో కొడుకు సత్యజిత్ పుట్టాడు. ఆ ఏడాదే సుకుమార్‌కు కాలా ఆజార్ పట్టుకుంది, అప్పటికి సరైన మందు అందుబాటులో లేదు. మంచం మీద నుంచే పద్యాలు దిద్దాడు, బొమ్మలు గీశాడు, పుస్తకం పుట పుటా ఎలా ఉండాలో నిర్ణయించాడు. 1923 సెప్టెంబర్ 10న, 36 ఏళ్ళు నిండకుండానే, పోయాడు. "ఆబోల్ తాబోల్" అనే ఆ పుస్తకం సెప్టెంబర్ 19న వెలువడింది. చిన్న ముందుమాటలో ఆయన దీన్ని ఖేయాల్ రసపు, అంటే మనసుకు తోచిన వింత ఊహల, పుస్తకం అన్నాడు. ఆ రసం రుచించనివాళ్ళ కోసం ఈ పుస్తకం కాదని కూడా చెప్పాడు. భరతుడి రసాల పట్టికలో లేని ఒక రసానికి, చావు దగ్గరపడిన ముప్పై అయిదేళ్ళ మనిషి పేరు పెట్టాడు. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా ఆ పద్యాల ఉల్లాసం ఇంకా పెద్దదిగా కనిపిస్తుంది.

టాగూర్ కూడా 1937లో, ఎనభై దగ్గరపడుతుండగా, తన బొమ్మలతోనే "ఖాప్‌ఛాడా" అనే చిట్టి పద్యాల పుస్తకం తెచ్చాడు. సత్యజిత్ రాయ్ 1961లో స్నేహితుడు సుభాష్ ముఖోపాధ్యాయతో కలిసి "సందేశ్"ను మళ్ళీ మొదలుపెట్టి, లియర్‌నూ కారల్‌నూ బెంగాలీలోకి తెచ్చాడు. 1987లో తండ్రి మీద డాక్యుమెంటరీ తీశాడు.

తెలుగులో ఖేయాల్ రసం ఇలా ఒక పుస్తకంలో గూడు కట్టుకోలేదు, చెదిరి ఉంది. కాళ్ళు చాపి కూర్చున్న పిల్లల మోకాళ్ళ మీద చేత్తో తడుతూ పాడే ఆటపాటల్లో ఉంది. సమకాలికుల కవిత్వానికి జలసూత్రం రుక్మిణీనాథశాస్త్రి కట్టిన పేరడీల్లో, వాట్స్ మీద కారల్ ప్రయోగించిన విద్యే ఉంది. అన్నిటికంటే ముందు అది భాషలోనే ఉంది. పులీ గిలీ, పెళ్ళీ గిళ్ళీ అంటూ ప్రతి మాటకూ మనం జంటను పుట్టిస్తాం, ఆ జంటకు అర్థం అడగం. 1957లో వచ్చిన "మాయాబజార్"లో పింగళి నాగేంద్రరావు చేసిన పని ఆ జంటను పట్టుకుని వస్తువును చేయడం. తల్పం పక్కన గిల్పం, కంబళి పక్కన గింబళి తెర మీద నిజంగా ప్రత్యక్షమై పెళ్ళివారిని తిప్పలు పెట్టాయి. పర్థానికి ఒళ్ళు వచ్చింది. ఎవరో ఒకరు పుట్టించకపోతే మాటలు ఎలా పుడతాయని ఆ సినిమాలో ఘటోత్కచుడి చేత అడిగించిన పింగళి, తన పనికి సమర్థన కూడా అక్కడే చెప్పుకున్నాడు.

శ్రీశ్రీ లియర్ దగ్గరికి నేరుగానే వెళ్ళాడు. "మహాప్రస్థానం" కవి, కందం నడకను వేళ్ళ మీద ఆడించినవాడు, అయిదు పాదాల ఇంగ్లీషు పద్యాన్ని తెలుగు ప్రాసల్లోకి దింపాడు. తన సిరిసిరిమువ్వలనూ ప్రాసక్రీడలనూ వీటితో కలిపి, మూడింటి మొదటి అక్షరాలు గుచ్చి "సిప్రాలి" అని పేరు పెట్టాడు. అందులో "లి" అంటే లిమఋక్కులు. ఐర్లండు ఊరి పేరులో చివర పలికే చప్పుడును ఆయన వేదమంత్రపు ఋక్కుగా విన్నాడు, విన్నది విన్నట్టే ఋకారం పెట్టి రాశాడు.