పటేల్ షాట్, సంఘం షాట్



1938లో గూడవల్లి రామబ్రహ్మం ‘మాలపిల్ల’ తీసిండు. అంటరానితనాన్ని నిలదీసిన సినిమా, కాదనలేం. కానీ కథ మనదైనా కెమెరా మనది కాదు.

మరి మన చేతికి కెమెరా ఎప్పుడొచ్చింది? జవాబు మన పిట్లానికి దూరమేం లేదు. నారాయణఖేడ్ దాటి పోతే జహీరాబాద్. అక్కడి పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలున్నయి. కూలికి పోయే, బడి మొఖం చూడని దళిత మహిళలు 1990ల చివర్ల వీడియో తీసుడు నేర్చుకున్నరు. 2001లో కమ్యూనిటీ మీడియా ట్రస్ట్ పెట్టుకున్నరు.

షాట్లకు పేర్లు తమ బతుకుల నుంచే తీసిన్రు. పైనుంచి కిందికి చూస్తే పటేల్ షాట్. కిందినుంచి పైకి చూస్తే అది జీతగాని చూపు. కండ్లకు కండ్లు ఎదురైతే సంఘం షాట్, చాప మీద అందరు సమానంగ కూసున్నట్టు.

2002లో బీటీ పత్తికి అనుమతొచ్చింది. మరుసటేడే వరంగల్ రైతుల కోపాన్ని వీళ్లు సినిమా చేసిన్రు. కంపెనీ లెక్క ముందు రైతు లెక్క పెట్టిన్రు.

తమ్మీ, చెల్లే! ఇసుంటి సినిమాలు థియేటర్‌కు రావు. మన వాడల తెల్లబట్ట కట్టి, కిరాయి ప్రొజెక్టర్ పెడితేనే వస్తయి. తీసినోళ్లను అడిగే వేయాలె. చందా పోగుచేసి వాళ్లకే పంపాలె. సినిమా అయినంక ముందు మన అమ్మలే మాట్లాడాలె.

ఇంకొకటి. ముందు వరుసల పెద్దమనుషులకు కుర్చీలెయ్యకుండ్రి. వేస్తే తెర మీద సంఘం షాట్, తెర ముందర పటేల్ షాట్.