మా అటక మీది వీణ

రెండేళ్ల క్రితం విజయవాడలో అమ్మావాళ్ల పాత ఇల్లు ఖాళీ చేశాం. ఇత్తడి గుండిగలు ఎవరికి, టేకు బీరువా ఎవరికి అని రెండు రోజులు చర్చ నడిచింది. వీణ సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. అటక మీద పాత దుప్పటి చుట్టి, పైన సంక్రాంతి బొమ్మల పెట్టె పెట్టి ఉంది. సామాను ఎక్కించే అబ్బాయి "దీన్నేం చెయ్యమంటారు మేడమ్?" అని అడిగితే, ఏం చెప్పాలో తోచక "హైదరాబాద్ లారీలో వేసెయ్" అన్నాను.

అది బొబ్బిలి వీణ. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో పనస మాను ఒక్కదాన్నే తొలిచి చేస్తారు. కుండ, దండి విడివిడిగా చేసి అతికించరు. తాతయ్య ఎంతో ఇష్టపడి కొన్నాడట. 1979లో పెళ్లిచూపుల్లో అమ్మ దాని మీద మోహన వర్ణం వాయించింది. నాన్నమ్మకు నచ్చింది. పెళ్లయ్యాక వీణ కూడా సారెతో పాటు అత్తారింటికి వచ్చింది. తర్వాత నాకు కొంత నేర్పించింది. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా లెక్కల ట్యూషన్ మొదలైంది. వీణ అటకెక్కింది.

మా హైదరాబాద్ ఫ్లాట్‌లో కూడా అది మంచం వెనక నిలబడే ఉంది. నాకు ఇద్దరు పిల్లలు, ఎనిమిదేళ్ల పాప, మూడేళ్ల బాబు. రోజూ ఆఫీసు. ఎవరైనా "నువ్వు వీణ వాయించేదానివి కదా?" అంటే నా జవాబు తయారుగా ఉండేది: టైమ్ ఎక్కడుంది?

ఒకరోజు మా పాప వీణ మీద దుప్పటి లాగేసి, అమ్మమ్మను అడిగింది. "నువ్వెందుకు మానేశావు?"

అమ్మ బీన్స్ తరుగుతోంది. తల ఎత్తకుండా చెప్పింది. "ఎవరూ మానెయ్యమనలేదే. ఎవరూ వాయించమనీ అనలేదు."

ఆ రెండు వాక్యాలూ నన్ను వదల్లేదు. చదువుతూ పోయాను. మా అటక కథ మా ఇంటిది మాత్రమే కాదని, దాని వెనక వందేళ్ల పైచిలుకు చరిత్ర ఉందని మెల్లగా అర్థమైంది.

*

పంతొమ్మిదో శతాబ్దం చివర్లో అమ్మలాంటి సంసార స్త్రీ వీణ పట్టుకుని నలుగురిలో కూర్చుంటే పెళ్లి కుదిరేది కాదు, చెడిపోయేది. చదువు, సంగీతం, నాట్యం వృత్తిగా ఉన్న ఆడవాళ్లు వేరు. గోదావరి జిల్లాల్లో కలావంతులు అన్నారు, తమిళనాట దేవదాసీలు అన్నారు. క్షేత్రయ్య పదాలు, జావళులు వాళ్ల గొంతుల్లోనే బతికాయి. తరతరాల శిక్షణ, గుడి మాన్యాలు, ఆడపిల్లకు ఆస్తి, చదవడం రాయడం, ఇవన్నీ ఆ కుటుంబాల్లో ఉన్నాయి. మగవాళ్ల పోషణ మీద ఆధారపడే బతుకు, పసిపిల్లల్ని గుడికి అంకితం చెయ్యడం, దోపిడీ కూడా ఉన్నాయి.

వీణ ధనమ్మాళ్ (1867-1938) ఆ పరంపరలోని మనిషి. మద్రాసులో శుక్రవారం సాయంత్రాలు ఆమె ఇంట్లో వీణ వినడానికి పెద్దపెద్ద విద్వాంసులు వచ్చి నిశ్శబ్దంగా కూర్చునేవాళ్లు. ఆమె మాతృభాష తమిళం. పేరు తెచ్చిన వాటిలో తెలుగు పదాలు ముఖ్యం. సంగీతం ఆమెకు తీరిక వేళ చేసుకునే పని కాదు. అదే ఆమె పని.

మన దగ్గర కందుకూరి వీరేశలింగం భోగం మేళాల మీద గట్టిగా రాశారు. 1893లో మద్రాసులోని సంఘ సంస్కర్తలు గవర్నరుకూ వైస్రాయికీ విన్నపాలు పంపారు, ఇలాంటి మేళాలు పెట్టే విందులకు వెళ్లొద్దని. ఆ ఉద్యమం ఐదు దశాబ్దాలు నడిచింది. దేవదాసీ కుటుంబం నుంచి వచ్చిన తల్లికి పుట్టిన డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి దాన్ని శాసనసభ దాకా తీసుకెళ్లారు. 1947లో మద్రాసు చట్టం వచ్చింది. ఆమె కోపంలో న్యాయం లేదని నేననలేను. ఎనిమిదేళ్ల కూతురున్న తల్లిగా అసలు అనలేను. కానీ దురాచారంతో పాటు ఆ ఆడవాళ్ల పాటకున్న చోటు కూడా పోయింది. గోదావరి జిల్లాల్లో కొందరు తమ జావళుల్ని తలుపులేసుకుని ఇంట్లో పాడుకునే స్థితికి వచ్చారు.

బెంగళూరు నాగరత్నమ్మ (1878-1952) కథ దీనికి మరో వైపు. ఆమెదీ అదే నేపథ్యం. ముద్దుపళని రాసిన 'రాధికా సాంత్వనము'ను 1910లో పరిష్కరించి అచ్చు వేయించింది ఈమే. తిరువయ్యారులో త్యాగరాజు సమాధి పాడుబడి ఉందని తెలిసి, నగలమ్మి, తన సంపాదనంతా పెట్టి అక్కడ గుడి కట్టించింది. 1921లో శంకుస్థాపన, 1925లో ప్రతిష్ఠ. కానీ అక్కడ జరిగే ఆరాధనలో ఆడవాళ్లు పాడడానికి వీల్లేదన్నారు. తెలుగులో రాసిన త్యాగరాజు, ఆయనకు గుడి కట్టించిన తెలుగెరిగిన ఆడమనిషి, మధ్యలో అడ్డంగా మర్యాదస్తులు! ఆమె ఊరుకోలేదు. ఆడవాళ్లందర్నీ కూడగట్టి వేరే బృందంగా అక్కడే పాడించింది. చివరికి ఆడవాళ్లకు ఆ హక్కు దక్కింది. ఆమె సమాధి కూడా త్యాగరాజు సమాధికి దగ్గర్లోనే ఉంది.

*

ఇదే కాలంలో రెండో మార్పు జరిగింది. కలావంతుల చేతుల్లోంచి జారుతున్న సంగీతం 'మంచి కుటుంబాల' హాల్లోకి వచ్చింది. అయితే వెంటనే రాలేదు. డి.కె. పట్టమ్మాళ్ (1919-2009) తల్లి బాగా పాడేదట. బంధువుల ముందు పాడడానికి కూడా ఆమెకు అనుమతి లేదు. ఆ తల్లి కూతురు పదేళ్ల వయసులో, 1929లో, మద్రాసు రేడియోలో పాడింది. ఒక తరంలో అంత దూరం! చదివినప్పుడు నాకు ఆ కూతురి కంటే తల్లే ఎక్కువ గుర్తుండిపోయింది. ఆ రోజు రేడియో ముందు కూర్చుని ఏమనుకుని ఉంటుంది?

రేడియో, గ్రామఫోను చేసిన మేలు ఇక్కడుంది. మనిషి కనిపించకుండా గొంతు మాత్రమే బయటికి వెళ్లింది కాబట్టి పరువుకు అడ్డం రాలేదు. అంతకు ముందు, అంటే 1900ల మొదట్లో, దక్షిణాదిన రికార్డులిచ్చిన ఆడవాళ్లలో చాలామంది దేవదాసీ కుటుంబాల వాళ్లే. కోయంబత్తూరు తాయి లాంటివాళ్లు. ఒక వైపుకు మూడు నిమిషాల చిల్లరే పట్టేది. గంటసేపు సాగే రాగాన్ని ఆ మూడు నిమిషాల్లోకి కుదించి పాడారు. "నాకు గంట ఖాళీ దొరికితే వాయిస్తా" అని నేను పన్నెండేళ్లుగా చెబుతున్న మాట గుర్తొచ్చి కాస్త సిగ్గేసింది.

1948 డిసెంబరు 1న విజయవాడ రేడియో కేంద్రం మొదలైంది. మా ఇంట్లో గడియారం అదే. భక్తిరంజని వస్తుంటే కాఫీ డికాక్షన్, అయిపోతుంటే నాకు జడ. బాలాంత్రపు రజనీకాంతరావు పేరు మాకు చుట్టాల పేరంత దగ్గరగా వినపడేది. ఓలేటి వెంకటేశ్వర్లు 'సంగీత శిక్షణ'లో ఒక్కో సంగతినీ విడదీసి చెబుతుంటే, ఎక్కడెక్కడి వంటిళ్లలోనో గరిట పట్టుకుని ఎంతమంది వెనకే పాడి ఉంటారో. గురువు ఇంటికి వెళ్లే వీల్లేని వాళ్ల దగ్గరికి గురువే వచ్చాడు.

ఇంత జరిగినా ఒకటి మాత్రం మారలేదు. పిఠాపురం సంస్థానంలో తుమరాడ సంగమేశ్వరశాస్త్రి (ఆయన వీణ విని టాగూరు ముగ్ధుడయ్యాడు), ద్రాక్షారామం నుంచి ఈమని శంకరశాస్త్రి, కాకినాడ నుంచి చిట్టిబాబు. తెలుగునాట కచేరీ వీణ అనగానే గుర్తొచ్చే పేర్లు ఇవి. ఇళ్లలో కూర్చుని నేర్చుకున్నది మాత్రం ఎక్కువగా ఆడపిల్లలు. ఆ కళ వాళ్లకు అర్హత. కుట్టుపని, ముగ్గులు, సంగీతం అని పెళ్లివారికి చెప్పే జాబితాలో ఒకటి. పరీక్ష పాసయ్యాక పుస్తకాలు ఎవరికి కావాలి? అమ్మ మాటకు అర్థం అప్పుడు తెలిసింది. వీణను ఎవరూ నిషేధించలేదు. దానితో ఉన్న పని అయిపోయింది, అంతే. ధనమ్మాళ్‌కు వృత్తి కాబట్టి వేళ ఉంది. అమ్మకు అలంకారం కాబట్టి అది తీసి పక్కన పెట్టేది అయింది.

*

ఇక్కడితో ఆగితే నాకు మిగిలేది దిగులే. కానీ ఈ రెండింటి పక్కనే మూడో దారి ఒకటి ఎప్పటినుంచో ఉంది. దాన్ని చరిత్రలో ఎవరూ 'సంగీతం' అని లెక్కపెట్టరు. పదిహేనో శతాబ్దంలో అన్నమయ్య భార్య తిమ్మక్క 'సుభద్రా కల్యాణం' రాసింది. అది ఆడవాళ్లు పాడుకున్న పాట. 'ఊర్మిళాదేవి నిద్ర', 'సీత వేవిళ్లు' లాంటి స్త్రీల రామాయణ పాటలు ఉన్నాయి. రాముడి యుద్ధాల కంటే వేవిళ్లు, పురుళ్లు, తోడికోడళ్లు, మరదళ్ల పరాచికాలు వాటికి ముఖ్యం. దంచుతూ, విసురుతూ, చంటిపిల్లని ఊపుతూ పాడుకున్నవి. వీటికి సభ అక్కర్లేదు, వరుడి తరఫువాళ్లూ అక్కర్లేదు. పని ఆగాక పాడదాం అనుకుని ఉంటే వాళ్లు ఎప్పటికీ పాడేవాళ్లు కాదు. వాళ్ల పని ఎప్పుడూ ఆగలేదు.

ఊర్మిళ కథలో పద్నాలుగేళ్ల నిద్ర తర్వాత లక్ష్మణుడు వచ్చి లేపితే ఆమె అతన్ని గుర్తుపట్టదు. ఎవరు నువ్వు, నా గదిలోకెలా వచ్చావని కోప్పడుతుంది. నేను మళ్లీ వీణ ఒళ్లోకి తీసుకున్న రోజు దాదాపు అలాంటిదే జరిగింది. తంత్రులు తుప్పు పట్టాయి. ఇరవై నాలుగు మెట్ల కింద మైనం బీటలు తీసి, కొన్ని మెట్లు జరిగాయి. బాగుచేసేవాడు మైనం కరిగించి, మెట్టు మెట్టూ చెవితో సరిచూసుకుంటూ మళ్లీ నిలబెట్టడానికి రెండు రోజులు పట్టింది. మాములుగా నాలుగు వాయించే తంత్రులు, మూడు తాళం తంత్రులు. అన్నీ కొత్తవి వేశాడు. ఇంటికి తెచ్చి వాయిస్తే మొదటి పది నిమిషాల్లోనే వేలి కొన మీద గాడి పడి మండింది. సరళీ స్వరాల్లో రెండో కాలానికే చెయ్యి తడబడింది. మా బాబు వచ్చి తాళం తంత్రుల్ని రెండు చేతులతో లాగాడు. పాప "అమ్మా, ఇది పాటేనా?" అంది.

ఇప్పుడు రాత్రి పిల్లలు పడుకునే ముందు ఇరవై నిమిషాలు వాయిస్తున్నాను. ఆ ఇరవై నిమిషాలూ ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఆ వేళకు గిన్నెలు మా ఆయన కడుగుతున్నాడు. నాన్నమ్మ తరంలో ఇంటి మగవాళ్లు సాయంత్రం అరుగు మీద కూర్చుని పాట వింటున్నప్పుడు కూడా లోపల ఎవరో ఒకరు గిన్నెలు కడుగుతూనే ఉండి ఉంటారు. తీరిక అనేది ఒకరికి దొరికితే ఇంకొకరు ఇచ్చిందే. ఈ లెక్క నాకు ముందే తెలిసుంటే, "టైమ్ లేదు" అనే బదులు "టైమ్ ఇవ్వండి" అని అడిగేదాన్ని. అమ్మ కూడా అడిగి ఉండేదేమో.

పాపకు నేర్పించమని బంధువులు అంటున్నారు. "ఆడపిల్లకు మంచి గుణం" అని ఒకావిడ అంది కూడా. నేను ఇంకా మొదలుపెట్టలేదు. దానికి నచ్చితే వచ్చి కూర్చుంటుంది. దానికంటే ముందు, వాళ్లమ్మ ఎవరి కోసమూ కాకుండా, తప్పులతో, రోజూ వాయించడం కొన్నాళ్లు చూడనీ.

అమ్మ మాత్రం వీణ ముట్టుకోవట్లేదు. వేళ్లు వంగట్లేదు, నాకెందుకులే అంటుంది. నేను వాయించేటప్పుడు వంటింట్లోనే ఏదో సర్దుకుంటూ ఉంటుంది. మొన్న మోహన వర్ణం మొదలుపెట్టాను. చరణం దగ్గర వేలు జారి పక్క మెట్టు మీద పడింది. వంటింట్లోంచి గిన్నె చప్పుడు ఆగింది.

"మోహనంలో మధ్యమం ఎక్కడిదే?"

నలభై ఐదేళ్ల కిందటి పెళ్లిచూపుల వర్ణం. ఒక్క స్వరం మర్చిపోలేదు. నేను మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాను. ఈసారి ఆమె తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి, గుమ్మం దగ్గర నిలబడి తాళం వేసింది.