లాంకాస్టర్ తోక గది: పారాచూట్ తలుపు అవతల

ఇప్పుడు టేబుల్ మీద మీకు కనిపిస్తున్న ఈ అద్దాల గూడు ఒక టరెట్. అంటే విమానంలో తుపాకులు పెట్టి, అటూ ఇటూ తిరిగేలా చేసిన చిన్న గది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ వాడిన లాంకాస్టర్ బాంబర్‌కి తోక చివర ఉండేది ఇదే. దీన్ని 1:12 స్కేల్‌లో చేస్తున్నా. అసలు దాంట్లో పన్నెండో వంతు అన్నమాట. మోడల్ చుట్టూ ఒక సన్నివేశం కూడా అమరిస్తే దాన్ని డయోరామా అంటారు. మన బొమ్మల కొలువు లాంటిదే, కాకపోతే ఇందులో ప్రతిదీ కొలత ప్రకారం ఉండాలి.

విమానం మొత్తం చెయ్యొచ్చు కదా అంటారేమో. లాంకాస్టర్ రెక్కలు ఈ చివర నుంచి ఆ చివరికి 31 మీటర్లు. పన్నెండో వంతు చేసినా రెండున్నర మీటర్లు దాటుతుంది. మా గదిలో మంచం తీసేస్తే తప్ప పట్టదు. అదీగాక నేను చెప్పాలనుకున్న కథంతా ఈ తోకలోనే ఉంది.

ముందు తుపాకులు చూద్దాం. నాలుగు బ్రౌనింగ్ మెషిన్ గన్‌లు, రెండు ఎడమవైపు, రెండు కుడివైపు. వీటి గొట్టాలకి సన్నని ఇత్తడి ట్యూబ్ వాడా. చూడ్డానికి భయంకరంగా ఉంటాయి గానీ ఇవి కాల్చేది 7.7 మిల్లీమీటర్ల తూటాలు. రాత్రిపూట వేటాడే జర్మన్ ఫైటర్లలో చాలావాటికి 20 మిల్లీమీటర్ల ఫిరంగులు ఉండేవి. వాళ్ళు ఇంకా దూరం నుంచే కొట్టగలరు. అందుకే గన్నర్‌కి అసలు ఆయుధం కళ్ళు. చీకట్లో శత్రువుని ముందే కనిపెట్టి ఇంటర్‌కమ్‌లో అరిస్తే, పైలట్ విమానాన్ని మెలికలు తిప్పుతూ కిందకి దూకించేవాడు. ఒక్కసారి కూడా కాల్చకుండా తిరిగొచ్చిన గన్నర్ తన పని బాగా చేసినట్టే.

ఇప్పుడు అద్దాలు. నిజానికి అది గాజు కాదు, పెర్‌స్పెక్స్ అనే పారదర్శక ప్లాస్టిక్. నేనైతే చెక్కతో అచ్చు చేసి, పల్చటి ప్లాస్టిక్ షీట్‌ని వేడిచేసి దాని మీద లాగా. ఒకచోట మాత్రం కావాలనే ఖాళీ వదిలా చూడండి, గన్నర్ ముఖానికి సరిగ్గా ఎదురుగా. యుద్ధంలో చాలా టరెట్లకి ఆ భాగం తీసేశారు. అద్దం మీద చిన్న గీత ఉన్నా, మంచు పేరుకున్నా, చీకట్లో అది శత్రు విమానంలా కనిపించేది. అద్దం తీసేస్తే చూపు బాగుంటుంది. కానీ బయట చలి మైనస్ 40 డిగ్రీల దాకా పోయేది. ఒంటికి కరెంటుతో వేడెక్కే సూట్, ముఖానికి ఆక్సిజన్ మాస్క్. అలా ఏడెనిమిది గంటలు, మిగతా ఆరుగురికీ దూరంగా, ఒక్కడే.

ఆ మనిషిని లోపల కూర్చోబెడితేనే అసలు విషయం తెలుస్తుంది. 170 సెంటీమీటర్ల మనిషి ఈ స్కేల్‌లో 14 సెంటీమీటర్లు అవుతాడు. బొమ్మకి లావాటి సూట్, బూట్లు, గ్లౌజులు వేసి కూర్చోబెట్టా. మోకాళ్ళ దగ్గర తుపాకులు, వీపు వెనక తలుపులు. ఇంక వేలు దూర్చడానికి సందు లేదు. మరి పారాచూట్?

బయట. తలుపు అవతల, విమానం లోపల గోడకి తగిలించి ఉండేది. గన్నర్ ఒంటి మీద పట్టీలు మాత్రమే ఉండేవి. విమానం అంటుకుంటే టరెట్‌ని నిటారుగా తిప్పాలి, వెనక తలుపులు తెరవాలి, చెయ్యి చాపి పారాచూట్ అందుకోవాలి, ఛాతీకి తగిలించుకోవాలి, మళ్ళీ టరెట్‌ని పక్కకి తిప్పి వెనక్కి పడిపోవాలి. టరెట్‌ని తిప్పే హైడ్రాలిక్ శక్తి ఇంజిన్ల నుంచి వచ్చేది. ఇంజినే తగలబడితే చేత్తో తిప్పుకోవాలి.

1944 మార్చి 24 రాత్రి నికొలస్ ఆల్కమేడ్‌కి ఇదే జరిగింది. 21 ఏళ్ళ కుర్రాడు, 115 స్క్వాడ్రన్ తోక గన్నర్. బెర్లిన్ మీద దాడి చేసి తిరిగొస్తుంటే ఫైటర్ కొట్టింది. తలుపు తెరిచేసరికి అవతల మంటలు, ఆ మంటల్లో పారాచూట్. కాలిపోయి చావడం కన్నా ఇదే నయమని 18,000 అడుగుల ఎత్తు నుంచి ఊరికే దూకేశాడు. చెట్ల కొమ్మలు, కింద మెత్తటి మంచు కాపాడాయి. కాలు బెణికింది, అంతే! పట్టుకున్న జర్మన్లు అతని మాట నమ్మలేదు. కూలిన విమానం శకలాల్లో కాలిన పారాచూట్ అవశేషాలు చూశాక నమ్మారు.

ఈ కథ విని వావ్ అనుకుంటాం. కానీ అదే విమానంలో పైలట్‌తో సహా నలుగురు చనిపోయారు. బ్రిటన్ బాంబర్ కమాండ్‌లో ఎగిరినవాళ్ళు సుమారు 1,25,000 మంది. అందులో 55,573 మంది తిరిగిరాలేదు. కింద ఉన్నవాళ్ళ సంగతీ మర్చిపోకూడదు. 1943 జూలైలో మొదలైన హాంబర్గ్ దాడుల్లోనే 30,000 మందికి పైగా చనిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది మామూలు జనం. ఆల్కమేడ్ బతికిన కథ చెప్పి ఈ లెక్కలు వదిలేస్తే అది చరిత్ర కాదు, సినిమా అవుతుంది.

అందుకే నా డయోరామాలో పేలుళ్ళు, మంటలు పెట్టట్లేదు. విమానం ఇంకా నేల మీదే ఉంది. తోక పక్కన గోడని కొంత కోసి, లోపల కనబడేలా వదిలా. గన్నర్ అప్పుడే ఎక్కాడు, టరెట్ తలుపులు ఇంకా తెరిచే ఉన్నాయి. వెనక గోడకి చిన్న ఖాకీ సంచి వేలాడుతోంది, నా మోడల్‌లో మూడు సెంటీమీటర్లు. తుపాకుల మీద పెట్టిన టైమ్‌లో పదో వంతు కూడా దానికి పట్టలేదు. మీరు మాత్రం వీడియో ఆపి, జూమ్ చేసి, ముందు ఆ సంచినే చూడండి. తర్వాత గన్నర్ చెయ్యి ఎక్కడుందో చూడండి.

వచ్చే ఎపిసోడ్‌లో దీనికి రంగులు వేద్దాం. ఉంటా మరి.