పాత క్యాసెట్లు, కొత్త అవతారములు

ఎఱ్ఱగడ్డలో ఆదివారమునాడు సాగు పాత వస్తువుల సంతలో గత వేసవియందు మాకొక వీడియో గేమ్ క్యాసెట్ దొరకినది. పసుపుపచ్చని ప్లాస్టిక్ డొల్ల. అరచేతి కంటె కొంచెము పెద్దది. దానిపై అంటించిన బొమ్మ సగము చిరిగిపోగా, మిగిలిన సగములో తుపాకి పట్టిన వీరుడొకడు నడుము వరకే కనబడుచుండెను. అమ్మువాడు దానిని తెగిన తీగల కుప్పలోనుండి పైకి తీసి, “నడుస్తదో లేదో గ్యారంటీ లేదు సార్” అని ముందే చెప్పెను. గ్యారంటీ మేమడుగలేదు. దానిని నడపు యంత్రము మా యింట లేదన్న మాటయు అప్పుడు జ్ఞప్తికి రాలేదు. నలువది యేండ్లు దాటినవారము పిల్లల ఆటవస్తువునకై బేరమాడితిమేమి యను ప్రశ్న ఇంటికి వచ్చిన పిదపగాని పుట్టలేదు.

ఆ ప్రశ్న మాకొక్కరికే కలిగినది కాదు. టోక్యో నగరమున అకిహబరా పేటలో సూపర్ పొటాటో అను దుకాణము కలదు. అచటికి దేశదేశములనుండి పెద్దవారు వచ్చి, ఒకప్పుడు ఎవరో పిల్లలు వాడి విడిచిన క్యాసెట్లను ఏరుకొని పోవుచున్నారు. మరొక ప్రక్క, ఆ ఆటలనే కొత్త బొమ్మలతో, కొత్త సంగీతముతో తిరిగి తయారుచేసి కంపెనీలు అమ్ముచున్నవి. పాతదానిని పాతదిగానే పట్టుకొనియుండుట ఒక దారి. దానిని మరల పుట్టించుట వేరొక దారి. ఈ రెండు దారులును ఎచట మొదలైనవో కొంత చెప్పుకొందము.

ముందుగా మాటను గూర్చి. ఇంగ్లీషువారు దీనిని కార్ట్‌రిడ్జ్ అందురు. మన ఇండ్లలో ఎవరును అట్లనలేదు. అది “గేమ్ క్యాసెట్టే”. టేపు రికార్డరులో వేయు క్యాసెట్ ఇంట నుండెను గనుక, సందులో దూర్చు పెట్టె ఏదైనను క్యాసెట్టే అయ్యెను. వింత యేమనగా, జపాను పిల్లలును దీనిని “కసెట్టో” అనియే పిలిచిరి. కాని దీనిలో టేపు లేదు. డొల్ల విప్పినచో చిన్న పచ్చని పలక, దానిపై నల్లని చిప్పులు ఒకటి రెండు, అంచున వరుసగా రాగి పళ్లు కనబడును. ఆట అంతయు ఆ చిప్పులలో చెరగని వ్రాతగా నుండును. 1985లో వెలువడిన సూపర్ మారియో బ్రదర్స్ అను ఆట మొత్తము 40 కిలోబైట్లు మాత్రమే. నేడు చేతి ఫోనుతో తీసిన ఒక్క ఛాయాచిత్రము దానికి నూరింతలుండుట సామాన్యము. అంత చిన్న చోటిలో ముప్పదిరెండు అంచెల లోకమునెట్లు ఇమిడ్చిరో చూచినచో, మబ్బునకును పొదకును ఒకే బొమ్మను రంగు మార్చి వాడిన పొదుపు తెలియును. పేదరికము నేర్పిన నేర్పు అది.

ఇట్లు ఆటను యంత్రమునుండి వేరుచేసి పెట్టెలో బిగించి అమ్ముట 1976లో అమెరికాలో ఫెయిర్‌చైల్డ్ కంపెనీ విడుదల చేసిన ఛానల్ ఎఫ్ యంత్రముతో ప్రారంభమైనది. అంతకు ముందటి యంత్రములలో చాలవరకు పుట్టుకతో వచ్చిన ఆటలే. వానితో విసిగినచో యంత్రమునే పారవేయవలయును. ఛానల్ ఎఫ్ నిర్మాణమునకు నాయకుడు జెర్రీ లాసన్ అను నల్లజాతి ఇంజనీరు. క్యాసెట్ ఊహ తొలుత ఆల్పెక్స్ అను చిన్న సంస్థలోని వాలెస్ కిర్ష్‌నర్, లారెన్స్ హాస్కెల్ అనువారిది. పిల్లలు పలుమార్లు దూర్చి తీసినను చెడని సరుకుగా దానిని తీర్చుట లాసన్ బృందపు పని. 2011లో లాసన్ మరణించునప్పటికి ఆయన పేరు ఎరిగినవారు కొద్దిమందియే.

మరుసటి సంవత్సరమే అటారీ కంపెనీ అదే మార్గమున నడచి కోట్లు గడించెను. ఆ సంపద ఎంత వేగముగా వచ్చెనో అంత వేగముగా పోయెను. 1982లో ఇ.టి. అను సినిమా పేరుతో ఒక ఆటను హోవర్డ్ స్కాట్ వార్షా అను ఒక్క మనిషిచేత సుమారు ఐదు వారములలో వ్రాయించి, లక్షల ప్రతులు చేసిరి. అవి దుకాణములనుండి తిరిగివచ్చెను. 1983 సెప్టెంబరులో న్యూ మెక్సికో రాష్ట్రమున అలమొగోర్డో పట్టణపు చెత్తదిబ్బలో, ఇట్లు అమ్ముడుపోని క్యాసెట్లను లారీలతో తెచ్చి పాతిపెట్టిరి. ఇది నిజమా, కట్టుకథయా యని ముప్పది యేండ్లు వాదములు సాగినవి. 2014 ఏప్రిల్‌లో త్రవ్వి చూడగా క్యాసెట్లు బయల్పడెను. సుమారు 1,300 పైకి తీసిరి. ఉచితముగా ఇచ్చినను పుచ్చుకొనువారు లేక పాతిన ఆ సరుకును పట్టణమువారు వేలము వేయగా లక్ష డాలర్లకు పైగా వచ్చెను. ఒక ప్రతి వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ వారి చరిత్ర ప్రదర్శనశాలకు చేరెను. చెత్త చరిత్రయగుటకు ముప్పదియొక్క యేండ్లు పట్టినది.

అమెరికాలో వ్యాపారము కూలుచున్న ఆ 1983లోనే, జులై 15న జపానులో నింటెండో కంపెనీ ఫ్యామికామ్ యంత్రమును విడుదల చేసెను. దానిని రూపొందించినవాడు మసయుకి ఉఎమురా. మన ఇండ్లకు 1990లలో వచ్చినవి చాలవరకు ఈ యంత్రపు నకళ్లే. లిటిల్ మాస్టర్, మీడియా, ఇత్యాదులు వాని పేర్లు. క్యాసెట్‌పై “9999 ఆటలు” అని వ్రాసియుండును. తెరచి చూచినచో పదియో ఇరువదియో ఆటలే పేర్లు మార్చుకొని మరల మరల వచ్చును. ఆ మోసమునకు ఎవరును కోపగించిన గుర్తు లేదు. యంత్రము కొనలేనివారికి గంటకింత యని అద్దెకిచ్చు గదులు వీధివీధిని వెలసెను. మా క్యాసెట్లలో ఆటను దాచుకొను వసతి లేదు. ఎంత దూరము పోయినను, కరెంటు పోయినచో మరల మొదటినుండియే. వేసవి కోతలలో కాంట్రా ఆట చివరి అంచెకు చేరి దీపమారిపోయిన సాయంకాలములను తలచుకొన్నచో నేటికిని ప్రాణము ఉసూరుమనును.

దాచుకొను వసతిగల క్యాసెట్లును కలవు. 1987లో అమెరికాలో విడుదలైన లెజెండ్ ఆఫ్ జెల్డా క్యాసెట్‌లో రూపాయి బిళ్లవంటి చిన్న బ్యాటరీ నమర్చిరి. ఆటగాని పేరు, అతడు గడించిన సంపద, ఇవన్నియు ఒక చిప్పులో నిలిచియుండును. ఆ చిప్పునకు నిరంతరము పిసరంత విద్యుత్తు కావలయును. అది అందినంత కాలమే జ్ఞాపకము. బ్యాటరీ పది పదునైదేండ్లలో పోవచ్చును, ముప్పదియేండ్లును నిలువవచ్చును. ఎన్నటికైనను పోవుట మాత్రము నిశ్చయము. వాడిన క్యాసెట్ కొన్నవారు దానిని తెరపై వేయగానే, ఎవరో తెలియని బాలుని పేరు, అతడు సగములో విడిచిన ప్రయాణము ఎదుట నిలుచుట కలదు. ఆ బాలునికి నేడు ఏబదియేండ్లుండవచ్చును, ఉండకయు పోవచ్చును. బ్యాటరీ మార్చినచో క్యాసెట్ బ్రతుకును, ఆ పేరు చెరగిపోవును. మార్చకున్నచో కొంతకాలమునకు ఆ పేరును, దాచుకొను వసతియు రెండును పోవును. దానిని ముందుగా వేరొక యంత్రములోనికి ఎత్తి వ్రాసికొను సాధనములు నేడు కలవు గాని, తెలియని పిల్లవాని ఆటకొరకు అంత శ్రమ పడువారెందరు? పడువారు కొందరు కలరు. వారియందు మాకు గౌరవము.

వాడినదానిని అమ్ము హక్కు కూడ ఊరక రాలేదు. జపానులో ఆటల కంపెనీలు పాత క్యాసెట్ల దుకాణములపై దావాలు వేసినవి. వీడియో గేమ్ సినిమావంటిది, దాని పంపిణీపై హక్కు ఎప్పటికిని మాదే యని వారి వాదము. 1999లో టోక్యో, ఒసాకా జిల్లా న్యాయస్థానములు రెండును రెండు విధములుగా తీర్పు చెప్పెను. తుదకు 2002 ఏప్రిల్ 25న ఆ దేశపు సుప్రీంకోర్టు, ఆట సినిమావంటిదే యైనను, ఒకసారి అమ్మిన పిదప ఆ ప్రతిపై పంపిణీ హక్కు తీరిపోవునని నిర్ణయించెను. ఆ తీర్పు లేకున్నచో అకిహబరా అంగళ్లలో నేటి సందడి ఉండెడిదా యనునది సందేహమే. నేడు తీగలద్వారా దింపుకొను ఆటకు ఇట్టి రక్షణ లేదు. దానిని సంతలో పెట్టి అమ్మలేము. నింటెండో వారు తమ పాత యంత్రములు రెండింటి ఆన్‌లైన్ దుకాణములను 2023 మార్చిలో మూసినప్పుడు, అచట మాత్రమే దొరకు ఆటలు అంగడినుండి మాయమయ్యెను. ఆ సంవత్సరమే అమెరికాలోని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ వారు లెక్క తీయగా, 2010కి ముందు ఆ దేశమున వెలువడిన ఆటలలో నూటికి 87 నేడు అంగట దొరకనివని తేలెను. గ్రంథాలయములు పరిశోధకులకు దూరమునుండి వానిని చూపుటకు అనుమతి నడుగగా, 2024లో అచటి కాపీరైట్ కార్యాలయము నిరాకరించెను.

మూత విప్పని క్యాసెట్లను లక్షల డాలర్లకు కొనువారిని గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు. 2021లో సీలు తీయని సూపర్ మారియో 64 ప్రతి పదునైదున్నర లక్షల డాలర్లకు పైగా పలికెను. ఎవరును ఆడరాని ఆట అది.

ఇక పునర్నిర్మాణములు. 1957 నాటి మాయాబజార్‌ను 2010లో రంగులద్ది విడుదల చేసినప్పుడు మన ఇండ్లలో జరిగిన వాదమును పాఠకులు మరచియుండరు. రంగులు ముచ్చటగా నున్నవని కొందరు, వెన్నెలలోని ఆ నీడలు పోయినవని కొందరు. ఆటల విషయమున మార్పు ఇంతకన్న లోతైనది. ఏలయన ఇచట కంటికే గాక చేతికిని జ్ఞాపకముండును. 1997 నాటి ఫైనల్ ఫాంటసీ 7ను 2020లో తిరిగి నిర్మించినవారు తొలి ఆటలో కొన్ని గంటలలో ముగియు నగరఘట్టమును మాత్రమే గ్రహించి పూర్తి ఆటగా పెంచిరి. రెండవ భాగము 2024లో వచ్చెను. అది పునర్నిర్మాణమా, హరికథయా? కథ తెలిసిన శ్రోతలకు కథకుడు పిట్టకథలు పెంచి చెప్పినట్లున్నది. మాకది తప్పుగా తోచలేదు. కాని దానిని చూచి పాతది చూచితిమని ఎవరును అనుకొనరాదు.

దీనికి భిన్నముగా లింక్స్ అవేకెనింగ్ అను ఆట కలదు. 1993లో చేతిలో పట్టు గేమ్ బాయ్ యంత్రముపై, నాలుగు ఛాయలలో వెలువడినది. నావ మునిగి ఒక దీవికి కొట్టుకొనివచ్చిన వీరుడు, ఆ దీవియు అందలి జనులును నిద్రించు ఒక మహామత్స్యము కనుచున్న కలయని తెలిసికొనును. దానిని మేల్కొలిపిననే అతనికి విడుదల. మేల్కొలిపినచో ఆ జనులందరును లేనివారగుదురు. 2019లో దీనిని మరల చేసినవారు దారులను, గుహలను, చెట్లను ఎచటివచటనే యుంచి, పైరూపును మాత్రము బొమ్మరిల్లువలె మార్చిరి. పాత ఆట ఆడినవాని వ్రేళ్లకు దారి వెదకుకొను పనిలేదు. ముగింపును మార్చలేదు. మార్చి ఉండవచ్చును, కొనువారు సంతోషింపవచ్చును. మార్చకుండుటయే మాకు నచ్చినది.

ఎంత శ్రద్ధగా చేసినను మరల పుట్టింపరాని సంగతులు కొన్ని కలవు. డక్ హంట్ అను బాతుల వేటలో ప్లాస్టిక్ తుపాకి యుండెను గదా. మీట నొక్కగానే తెర క్షణకాలము నల్లబడి, బాతున్న చోట తెల్లని చదరము మెరయును. తుపాకి గొట్టములోని కన్ను ఆ వెలుగును పట్టుకొనును. గాజు పిక్చర్ ట్యూబు తెరపై ఆ మెరుపు సరిగా ఆ క్షణముననే వచ్చును. నేటి పలుచని తెరలు బొమ్మను కొంచెము ఆలస్యముగా చూపును. తుపాకికి చీకటియే కనబడును. కుక్క నవ్వుచునే యుండును.

రేడియోలో పనిచేయువారము గనుక ఈ సంగతులు మాకు మరింత తాకును. నేరుగా ప్రసారమై గాలిలో కలిసిన ప్రసంగములెన్నో; తుడిచి మరల వాడిన టేపులెన్నో. అందు ఏమి పోయినదో చెప్పుటకు జాబితా కూడ మిగులలేదు.

మా క్యాసెట్ మాట ముగింపవలసి యున్నది. మా పెదనాన్నగారి ఇంటి అటకపై పాత యంత్రమొకటి, మూలన పిక్చర్ ట్యూబు టీవీ యొకటి దొరకెను. చిన్ననాట ఆట రాకున్నచో క్యాసెట్ తీసి ఉఫ్ఫుమని ఊదుట మా కందరికిని వైద్యము. ఊదుటవలన లాభము లేదు, నోటి తేమకు రాగి చిలుమెక్కును. తీసి మరల దూర్చుటవలననే పళ్లు సరిగా తగులుచుండెనని పిమ్మట తెలిసినది. ఈసారి దూదిని స్పిరిట్‌లో తడిపి తుడిచితిమి. మూడవసారికి బొమ్మ వచ్చెను. కాంట్రాయే. ముప్పది ప్రాణములనిచ్చు మీటల వరుస సగము వరకే జ్ఞప్తికి రాగా డల్లాసులోనున్న అన్నయ్యకు ఫోను చేసితిమి. అచట తెల్లవారుజాము. ఆయన 2024లో వచ్చిన కాంట్రా కొత్త అవతారమును కూతురితో ఆడుచున్నాడట. అందు బొమ్మలు మహాద్భుతమట. “అది సరే అన్నయ్యా, కుడి తరువాత ఏమిటి?” అంటిమి. ఆయన నిద్రమత్తులోనే తడుముకొనక చెప్పి, “టీవీ దగ్గర ఫోను పెట్టరా, ఆ పాట విననీ” అనెను.