బొగ్గుబాయి గాలి

కాజీపేట నుండి సికింద్రాబాదు పోయే దారిలో రఘునాథపల్లి చిన్న స్టేషను. ఈ రైలుమార్గం 1886లో వరంగల్లు దాకా, మరి రెండేండ్లకు సింగరేణి దాకా సాగింది. 1889లో అక్కడ బొగ్గు తవ్వకం మొదలైంది. స్టేషన్లు దాటిపోయిన బొగ్గు వ్యాగన్లను ఊళ్ళన్నీ చూశాయి. ఆ బొగ్గు తవ్వినవాడు పీల్చిన గాలినో?

బాయి గాలిలో ఇద్దరు శత్రువులున్నారు. మీథేన్ పేలుతుంది, కార్బన్ మోనాక్సైడ్ రంగూ వాసనా లేకుండా చంపుతుంది. మొదటిదానిని పట్టి ఇచ్చింది 1815 నాటి హంఫ్రీ డేవీ దీపం. తీగవల చుట్టిన ఆ దీపం వత్తిని తగ్గిస్తే మంటపైన నీలి శిఖ లేస్తుంది. దాని ఎత్తును బట్టి వాయువెంతో సర్దారు చెప్పగలడు. డేవీ పేటెంటు తీసుకొనలేదు. లాభం గని యజమానులు తీసుకున్నారు: అపాయమని వదిలేసిన పొరలలోకి అదే దీపం చేతికిచ్చి మనుషులను దింపారు.

రెండవదానికి 1890ల చివర జాన్ స్కాట్ హాల్డేన్ ఎలుకలను, కానరీ పిట్టలను సూచించాడు. చిన్న ప్రాణి వేగంగా ఊపిరి తీస్తుంది గనుక మనిషికన్న ముందే ఒరిగిపోతుంది. (1957లో మన దేశానికి వచ్చి 1964లో భువనేశ్వరులో కన్నుమూసిన జె.బి.ఎస్. హాల్డేన్ ఈయన కొడుకే.)

గోదావరి లోయ బొగ్గుకు మరో గుణముంది: తానే వేడెక్కి రాజుకుంటుంది. అందుకే బొగ్గు తీసిన ఖాళీని గోడకట్టి మూస్తారు. గోడలోని గొట్టం ద్వారా గాలి తీసి పరీక్షిస్తే తప్ప వెనుక సంగతి తెలియదు. అక్కడ ఎంత ప్రాణవాయువు తరిగింది, అందుకు ఎంత మోనాక్సైడ్ పుట్టింది అని పోల్చే లెక్కను గ్రాహం నిష్పత్తి అంటారు. నూటికి ఒకటి దాటితే వేడి ముదిరినట్టు, మూడు దాటితే నిప్పు రగిలినట్టు. ఒకనాటి అంకెకన్న, అది రోజురోజుకూ పెరుగుతున్నదా అన్నదే ముఖ్యం. అంటే పుస్తకంలో వ్రాసినంత మాత్రాన చాలదు, ఎవరో ఒకరు దానిని చదవాలి.

దీపం పుట్టిన నూరేండ్లకు పైబడిన తరువాత తూర్పు బొగ్గుగనుల పేలుళ్ళలో 1936లో పోయిదీలో 209 మంది, 1958లో చినకురిలో సుమారు 175 మంది, 1965లో ధోరీలో 268 మంది చనిపోయారు. విజ్ఞానం చాలకనే ఇదంతా జరిగిందని నేననుకోను. మీథేన్ నూటికి 1.25 దాటితే మనుషులను బయటికి పంపాలని 1957 నిబంధనలే చెప్పాయి. కాని ఆ అంకెను చదివే సర్దారు, టన్నుల లెక్క అడిగే యాజమాన్యం కింద జీతగాడు.

తరువాతి కాలపు నిబంధనలు కార్మికుల తరఫు తనిఖీదారుకు చోటిచ్చాయి. అపాయం కనబడితే ఆయన మేనేజరుకూ ప్రభుత్వ ఇన్‌స్పెక్టరుకూ తెలియజేయాలి. పని ఆపించే అధికారం మాత్రం ఆయనకివ్వలేదు.