స్టూవర్టుపురం గడప తొక్కిన జంట

రాత్రి హాజరు. పేరు పిలిస్తే పలకాలి. పలకకపోతే పరారీ కింద లెక్క. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురంలో ఎరుకల కుటుంబాలు ఏళ్ల తరబడి ఇలాగే బతికాయి. నేరస్థ జాతుల చట్టం ఆ తెగ మొత్తాన్నీ పుట్టుదొంగలుగా లెక్కగట్టింది. కన్నం వేసినవాడికీ, అప్పుడే కళ్లు తెరిచిన పసిగుడ్డుకూ ఒకటే ముద్ర. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద పదవిలో ఉన్న హెరాల్డ్ స్టూవర్ట్ పేరు పెట్టి, సాల్వేషన్ ఆర్మీ చేతికి అప్పగించిన సెటిల్‌మెంట్ అది. 1952 నాటికి ఆ చట్టం దేశమంతటా రద్దయింది. ఊరి పేరు చెబితే జనం మూట దగ్గరికి లాక్కోవడం మాత్రం మానలేదు.

1970ల మధ్యలో ఆ ఊళ్లోకి భార్యాభర్తలిద్దరు అడుగుపెట్టారు. లవణం, హేమలత.

ఆ మొదటి రోజులు ఎలా ఉండి ఉంటాయో ఊహించుకోవచ్చు. ఖద్దరు కట్టిన ఇద్దరు కొత్తవాళ్లు. గుమ్మాల్లో నిలబడి చూస్తున్న ఆడవాళ్లు. మగాళ్లలో కొందరు జైల్లో, కొందరు అజ్ఞాతంలో. వీళ్లు పోలీసుల మనుషులేమోనని అనుమానించకుండా ఎవరుంటారు? అప్పటిదాకా ఆ గడప తొక్కిన ప్రతివాడూ సోదాకే వచ్చాడు మరి.

దొంగతనం దారి పట్టినవాళ్లను మార్చాలని వచ్చారు ఇద్దరూ. ఈ పనికి వాళ్లకున్న అర్హత ఏమిటి? నేనైతే వాళ్ల పుట్టుకనూ, పెళ్లినీ ముందు చెబుతాను. హేమలత మహాకవి గుర్రం జాషువా కూతురు. అంటరానితనం ఎంత లోతుగా కోస్తుందో ఆమెకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. లవణం నాస్తికోద్యమ నాయకుడు గోరా కొడుకు. 1930లో, ఉప్పు సత్యాగ్రహం జరిగిన ఏడు పుట్టాడు కాబట్టి ఆ పేరు. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి కులాన్ని వదిలేసిన తండ్రి ఇంట పెరిగాడు. భూదానోద్యమ నేత వినోబా భావే ఆంధ్రదేశంలో పాదయాత్ర చేసినప్పుడు ఆయన మాటల్ని తెలుగులో జనానికి వినిపించాడు. 1960లో వీళ్ల పెళ్లి. ఆ ఏడే చంబల్ లోయలో బందిపోట్లు వినోబా ముందు తుపాకులు దించారు. ఆ ప్రయత్నంలో ఈ దంపతులూ పాలుపంచుకున్నారు. మనిషిని భయపెట్టకుండా మార్చవచ్చన్న నమ్మకం వాళ్లకు అక్కడ గట్టిపడింది.

స్టూవర్టుపురంలో వాళ్లకు అప్పటి ముఖ్యమంత్రి జలగం వెంగళరావు ప్రభుత్వం తోడు నిలిచింది. అయినా అసలు పని ఇళ్లల్లోనే. దొంగ మారాలంటే ముందు అతని భార్యకు రేపటి గంజి గురించి భరోసా కావాలి. పిల్లలకు బడి కావాలి. ఊరివాళ్లు కూలికి పిలవాలి. పోలీసులు ఊరికే స్టేషన్‌కు లాక్కుపోకుండా ఉండాలి. ఇందులో ఏ ఒక్కటి తప్పినా మనిషి మళ్లీ పాతదారే పడతాడు. కౌన్సెలింగ్ అంటే ఎదురుగా కూర్చోబెట్టి నాలుగు మంచిమాటలు చెప్పడమని ఇప్పటికీ అనుకునేవాళ్లకు ఈ సంగతి గట్టిగా చెప్పాలనిపిస్తుంది.

తర్వాత హేమలత చూపు జోగినుల మీద పడింది. దేవుడి పేరు చెప్పి దళిత ఆడపిల్లల్ని ఊరి పెద్దల పాలు చేసే ఆచారం అది. నిజామాబాద్ జిల్లాలో ‘సంస్కార్’ సంస్థ ద్వారా ఆ పనికి దిగారు. వర్నిలో పెట్టిన ఆశ్రయానికి ‘చెల్లి నిలయం’ అని పేరు. ఊరంతా జోగిని అని పిలిచే పిల్లను అక్కడ చెల్లీ అని పిలిచారు. 1988లో ఈ ఆచారాన్ని నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్ చట్టం వచ్చింది.

జోగిని ఆచారం నిజామాబాద్‌తో ఆగలేదు. పాత రంగారెడ్డి జిల్లా పల్లెల్లోనూ వేళ్లూనుకుంది. అందుకే ఆ జిల్లాలోని చేవెళ్ల, మొయినాబాద్ వైపు సేవాకేంద్రమో కౌన్సెలింగ్ కేంద్రమో తెరవాలని ఆలోచిస్తున్న దంపతులు ఎవరైనా ఉంటే వాళ్లకు నా మనవి ఒక్కటే. స్థలం చూసుకోకముందే చుట్టుపక్కల వాడలకు వెళ్లండి. ఎవరి గడప ఊరు తొక్కదో అడిగి తెలుసుకోండి. మీ పని ఆ ఇంటి నుంచే మొదలుపెట్టండి.

హేమలత 2008లో, లవణం 2015లో కన్నుమూశారు.